మ్యాపుబాబు గొంతు

ఫిబ్రవరి 3

బాబాయ్‌కి,

ఫోన్ చేయొచ్చుగా అనకు. రోజంతా మైకు ముందు అరిచి సాయంత్రానికి నీ గొంతు బొంగురుపోతుంది, నాకేమో ఫోన్ మోగితే చాలు దాన్ని దిండు కింద దాచేస్తాను. ఉత్తరమైతే ఇద్దరికీ హాయి.

ముందు షాపు కబురు. మఖమల్ తానులు కొత్తవి దిగాయి, ముదురు నీలం. వాటి మీద చెయ్యి పెట్టి నేను అలాగే నిలబడిపోతే కత్తిరింపు అక్క వచ్చి, ముందు కుట్టమ్మా, తర్వాత నిమురుదువుగాని అంది. పాలిస్టర్ మాత్రం ఈసారి కూడా నాకు ఇవ్వలేదు. అది చింపేటప్పుడు వచ్చే చప్పుడుకి నా పళ్లు జివ్వుమంటాయని ఆవిడకి తెలుసు. కర్టెన్లు కుట్టే పని ఇంత బాగుంటుందని బళ్లో ఎవరూ ఎందుకు చెప్పరో.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఒకసారి కాదు, చాలాసార్లు. నాకు ఆటిజం ఉందని తేల్చింది. కొత్తగా వచ్చిందేమీ కాదు, పుట్టినప్పటినుంచీ ఉన్నదే, పేరు మాత్రం ఇప్పుడు తెలిసింది. నేను ఏడవలేదు. బస్సెక్కి ఇంటికొచ్చి పడుకున్నాను, చాలా రోజుల తర్వాత ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

ఇంకెవరికీ చెప్పలేదు, నీకొక్కడికే చెబుతున్నాను. టీవీలో ఆ ఓడ సీరియల్లో మ్యాపుబాబుకి గొంతు నువ్వే కదా. అతనిలోనూ ఈ లక్షణాలే ఉన్నాయని జనం అంటున్నారు కాబట్టి, నీకు కాస్త సులువుగా అర్థమవుతుందనిపించింది.

నీ
వసపిట్ట


ఫిబ్రవరి 12

వసపిట్టకి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత గుండె గుభేలుమంది, ఆ తర్వాత ఆ డాక్టరమ్మ మీద కోపం వచ్చింది. నువ్వేంటి, ఆటిజమేంటి? మాటలు రావడం మొదలయ్యాక నీ నోరు మూతపడితే ఒట్టు. అందుకే కదా నీకు వసపిట్ట అని పేరు పెట్టాను.

అలాంటివాళ్లు ఎలా ఉంటారో నాకు తెలుసమ్మా. నాలుగేళ్లుగా ఆ పాత్ర నోట్లో నాలుక నాదే. సముద్రంలో చిక్కుకున్నవాళ్లని కాపాడే ఓడలో దారి చూపించే మనిషి అతను. మ్యాపులన్నీ నోటికి వచ్చు, మనుషుల మొహం మాత్రం చూడడు. మొదటిరోజే మా డబ్బింగ్ డైరెక్టరు నన్ను పక్కకి పిలిచి, ఫ్రిజ్‌కి నోరొస్తే ఎలా మాట్లాడుతుందో అలా చెప్పండి గురువుగారూ అన్నాడు. నేను ఇంటికొచ్చి నిజంగానే ఫ్రిజ్ ముందు నిలబడి సాధన చేశాను. మీ పిన్ని, మందులు వేసుకున్నారా అని అడిగింది. ఆ గొంతుకే ఇవాళ అభిమాన సంఘాలు వెలిశాయి.

అయినా నా ఒక్కడి మాటే ఎందుకని, నీ పేరు చెప్పకుండా అలాంటి ఒక సంఘం అధ్యక్షురాలిని అడిగాను. ఆవిడ ఈ విషయంలో చాలా చదువుకుంది, సీరియల్ మొత్తం మూడుసార్లు చూసింది. వాళ్లు జోకులు వెయ్యరట, కన్నీళ్లు పెట్టుకోరట, లెక్కల్లో మాత్రం దిట్టలట. నువ్వు తొమ్మిదో ఎక్కం దగ్గరే ఆగిపోయావని చెప్పాను. అయితే ఆ అమ్మాయికి ఏమీ లేదు, నిశ్చింతగా ఉండండి అంది.

కాబట్టి నిశ్చింతగా ఉండు. ఇంకో డాక్టరుకి చూపించుకో.

నీ
గొంతు బాబాయ్


ఫిబ్రవరి 20

బాబాయ్‌కి,

నిశ్చింతగానే ఉన్నాను, నువ్వే లేవు.

నేను ఎక్కువ మాట్లాడతాను, నిజమే. ఎప్పుడు ఆపాలో తెలియక మాట్లాడతాను. చిన్నప్పుడు చుట్టాలొస్తే మంచం కింద దూరేదాన్ని, గుర్తుందా? సిగ్గనుకునేవాళ్లు. సిగ్గు కాదు, ఒకేసారి అంతమంది గొంతులు వింటే నా బుర్రలో గిన్నెలు పడ్డట్టుండేది. ఇప్పటికీ పెళ్లికెళ్లి వస్తే మర్నాడంతా పడుకుంటాను. డాక్టరమ్మ చూసింది ఇవీ, ఇలాంటివి ఇంకెన్నో. ఆవిడ ఆ సీరియల్ చూడనేలేదట, అదీ మంచిదే అయింది.

నీ అధ్యక్షురాలు నాకు తెలుసు. వాళ్ల ఆన్‌లైన్ గుంపులో నేనూ ఉండేదాన్ని. అక్కడ రోజూ కొట్లాటే. మ్యాపుబాబు పసివాడు, అతనికి ప్రేమా పెళ్లీ అంటగట్టడం పాపం అని కొందరు. అతనికి అసలు గుండే లేదు, అందులోనే ఉంది మజా అని ఇంకొందరు. కెప్టెన్ చెల్లెలు గట్టిగా వాటేసుకుంటే అతనికి నయమైపోతుందని కథలు రాసేవాళ్లు మరికొందరు. ఇంత అందగాడికి ఆ జబ్బేంటి, అది సోకనివ్వం అని ఒకాయన ఏకంగా సంతకాలు సేకరించాడు.

పోయిన వారం, నా అసలు పేరు పెట్టకుండా, ఒకేఒకసారి నోరు తెరిచాను. నాకూ ఆటిజం ఉంది, నాకు నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది, ఒకబ్బాయంటే ఇష్టమూ వచ్చింది, కాబట్టి అతనికీ వచ్చుండొచ్చు అని రాశాను. అలాంటివాళ్ల తరఫున మాట్లాడే హక్కు నీకెవరిచ్చారని అడిగారు. జవాబు రాసేలోపే గుంపులోంచి తీసేశారు.

నీకు వాళ్ల మాట కావాలా, నా మాటా?

నీ
వసపిట్ట


మార్చి 2

అమ్మాయికి,

ఇది నీ బాబాయ్ రాసిన ఉత్తరం. నేను బాగున్నాను. మీ పిన్ని బాగుంది.

నీ ఉత్తరం చదివాను. నీ మాట నమ్ముతున్నాను. ఇకనుంచి నీకు అనుకూలంగా రాస్తాను. వాక్యాలు చిన్నవి. హాస్యం లేదు. నీ కోసం కళ్లు కాయలు కాశాయి అని రాయను. కళ్లు కాయలు కాయవు.

ముద్దుపేరు వాడను. నువ్వు పిట్టవి కావు. ఆశీస్సులు పంపను. ఆశీర్వదించాలంటే తల మీద చెయ్యి పెట్టాలి. నీకు తాకడం నచ్చదు.

ఆదివారం అభిమానుల సమావేశం జరిగింది. నన్ను పిలిచారు. వెళ్లాను. మ్యాపుబాబు గొంతులో మాట్లాడాను. తర్వాత నా గొంతులో మాట్లాడాను. మా అన్నయ్య కూతురు కూడా ఇలాంటిదే అని చెప్పాను. గర్వంగా చెప్పాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నువ్వు ఎక్కడ పనిచేస్తావని అడిగారు. చెప్పాను.

ఉత్తరం అయిపోయింది.

ఇట్లు,
మీ నాన్నగారి తమ్ముడు


మార్చి 11

బాబాయ్‌కి,

మీ నాన్నగారి తమ్ముడు అన్న సంతకం చూసి గుడ్డల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. నీకు నా మీద ఎందుకింత కోపమో ఎంత ఆలోచించినా తెలియలేదు. వాళ్ల మాటా నా మాటా అని నిలదీసినందుకా? అయితే తిట్టు, పడతాను. ఇలా కరెంటు ఆఫీసు నోటీసులా రాయకు. కళ్లు కాయలు కాయడమంటే నాకు తెలుసు. నీ ఉత్తరం కోసం నాకు కాసినవి అవే.

నీకొక్కడికే చెబుతున్నానని రాశాను. నువ్వు సభలో చెప్పావు. ఆ మాట ఇంతకంటే పెంచి రాయడం నాకు చేతకావడం లేదు.

సభవాళ్లు షాపుకి వచ్చారు. నేను మిషను ముందు కూర్చునే ఉన్నాను, అయినా మా యజమానిని అడిగారు, ఈ అమ్మాయి మాట్లాడుతుందా అని. ఒకావిడ నా బుగ్గ పుణికింది. ఒకాయన తను పుట్టిన తేదీ చెప్పి, అది ఏ వారమో చెప్పమన్నాడు. నాకేం తెలుసు? మంగళవారం అన్నాను. కాదన్నాడు. పాపం మొహం ఎంత చిన్నబోయిందో, నేనే సారీ చెప్పాను.

మా యజమాని కూడా మ్యాపుబాబు అభిమానేనట, ఆ రోజే తెలిసింది. మర్నాడు పొద్దున్నే నన్ను మిషను ముందు నుంచి లేపాడు. ఇకమీదట ఇళ్లకీ ఆఫీసులకీ వెళ్లి కిటికీల కొలతలు తీసే పని నాదట. సరేనని టేపు తీసుకోబోతే చేతిలోంచి లాగేసుకున్నాడు.

"నీకు టేపెందుకమ్మా, కళ్లున్నాయిగా," అన్నాడు.

సీరియల్లో మ్యాపుబాబు అలలు చూసి లోతు చెప్పేస్తాడు కదా, అదీ ఆయన లెక్క. నాకు రాదని చెప్పాను. వినయం కూడా ఎంత బాగుందో అన్నాడు.

కోపం తగ్గితే రాయి.

నీ అన్నయ్య కూతురు


మార్చి 18

నా బంగారుతల్లికి, వసపిట్టకి, నా ముద్దుల పిట్టకి,

కోపమా? నీ మీదా? ఆ ఉత్తరం రాయడానికి ఎంత చచ్చానో మీ పిన్నిని అడుగు. రాసిన ప్రతి వాక్యంలోనూ ఏదో ఒక మాట కొట్టేశాను. వాళ్లతో ఇలాగే మాట్లాడాలని అధ్యక్షురాలు కాగితం మీద అచ్చేసి ఇచ్చింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఎరిగిన పిల్లతో ఎలా మాట్లాడాలో ఊరివాళ్లని అడిగి తెలుసుకున్నాను. ఆ కాగితం చింపి పొయ్యిలో పడేశాను.

సభలో చెప్పడం తప్పే. నువ్వు నాకొక్కడికే చెప్పిన సంగతి ఆ చప్పట్ల మధ్య నాకు తట్టనేలేదు. క్షమించమని అడుగుతున్నాను. నీకు వీలైనప్పుడు క్షమించు, తొందరేమీ లేదు.

అయినా చూశావా, ఒకందుకు మంచే జరిగింది. కుట్టుపని నుంచి కొలతల పనికి పెంచారంటే మాటలా! టేపు లేకుండా కళ్లతోనే కొలిచేస్తున్నావంటే ఇన్నాళ్లూ మా దగ్గర దాచావన్నమాట. మీ పిన్నికి చెబితే మా హాలు కిటికీ కొలత కూడా అక్కడినుంచే చెప్పెయ్యమంటోంది.

నీ, ఎప్పటికీ నీ
గొంతు బాబాయ్


ఏప్రిల్ 2

బాబాయ్‌కి,

నేను కొలిచేస్తున్నానని ఎక్కడ రాశాను? కొలవలేను మొర్రో అని రాశాను. నువ్వూ మా యజమానీ ఒకే బళ్లో చదువుకున్నారా?

కళ్ల ఆసుపత్రి ఒకటి కొత్తగా తెరిచారు. పరీక్ష చేసే గదులు చీకటిగా ఉండాలని నల్ల పరదాలు చెప్పారు. నన్ను పంపారు. చేతిలో టేపు లేదు. మూరలతో కొలుద్దామనుకుంటే యజమాని వెనకాలే నిలబడి, చేతులు కట్టుకుని, వెలిగిపోతున్న మొహంతో చూస్తున్నాడు. ఏదో ఒక అంకె చెప్పాను. ఆహా అని రాసుకున్నాడు. అన్ని కిటికీలకీ అలాగే చెప్పాను.

కుట్టి తీసుకెళ్లి వేలాడదీస్తే ఒక్కటీ కిటికీ సగం దాటలేదు. పెద్దమనిషి పొట్టి నిక్కరు తొడుక్కున్నట్టుంది గది. కింద నుంచి ఎండ పడి, చీకటి గదిలో కూర్చున్న రోగులు పేపరు చదువుకుంటున్నారు.

యజమాని నన్ను అందరి ముందూ నిలబెట్టి, నువ్వు అసలైనదానివి కావు అన్నాడు. ఆటిజం ఉందని నాటకమాడి ఉద్యోగం పెంచుకున్నానట. అసలైనవాళ్లు తప్పు చెయ్యరట, ఆయన టీవీలో రోజూ చూస్తున్నాడట. కత్తిరింపు అక్క ఒక్కతే నా పక్క మాట్లాడింది, టేపు ఇవ్వనిది మీరే కదా అని. నన్ను ఇంటి దగ్గరే ఉండమన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు. నాకిష్టమైన పని ఇదొక్కటే బాబాయ్. పొద్దున లేచి చేతులతో ఏం చెయ్యాలో తెలియక దుప్పటి అంచు విప్పి మళ్లీ కుడుతున్నాను.

ఖాళీగా ఉంటే ఒక అనుమానం వచ్చింది. అది డబ్బింగ్ సీరియల్ కదా. అసలు భాషలో, ఆ అసలు నటుడు, మ్యాపుబాబు మాటలు ఎలా చెబుతాడు? నువ్వెప్పుడైనా విన్నావా?

నీ
వసపిట్ట


ఏప్రిల్ 15

వసపిట్టకి,

వినలేదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. పెదాలు ఎప్పుడు కదులుతాయో, ఎప్పుడు ఆగుతాయో తెలిస్తే మా పని అయిపోతుంది. చెవుల్లో ఆయన గొంతు సన్నగా పెట్టుకుంటాం, అంతే.

నీ ఉత్తరం వచ్చాక మా అనువాదకురాలిని కూర్చోబెట్టుకుని శబ్దం పెంచి విన్నాను. తల్లీ, ఆయన ఫ్రిజ్ కాదు. ఓడ కనబడితే గొంతు సన్నగా వణుకుతుంది. మ్యాపు గురించి చెప్పేటప్పుడు గుక్క తిప్పుకోడు, అచ్చం నువ్వు మఖమల్ గురించి చెప్పినట్టే. కెప్టెన్ మీద జోకులు కూడా వేస్తాడు. వాటికి మనవాళ్లు రాసిన మాట "సమాచారం అందింది." నేను అదే చెప్పాను, జనం అదే నేర్చుకున్నారు. ఆ ఇనపముక్కని తయారుచేసింది మేమే.

ఈ వారం పెద్ద సన్నివేశం ఉంది. కెప్టెన్ చెల్లెలు అతన్ని వాటేసుకుంటుంది. మన తెలుగు మాటల కాగితం మీద, నాకూ గుండె ఉందని ఇవాళే తెలిసింది అని రాసుంది. డైరెక్టరు, ఏడిపించండి గురువుగారూ, ఇక్కడ అతనికి నయమవుతుంది అన్నాడు. అసలు భాషలో ఏముందని అనువాదకురాలిని అడిగాను. ఆవిడ కాస్త సిగ్గుపడుతూ చెప్పింది.

"నేను రోజూ చెబుతూనే ఉన్నాను. మీరు అంకెలే విన్నారు."

నేను ఆ మాటే చెప్పాను. ఫ్రిజ్‌లా కాదు, ఆయన చెప్పినట్టే చెప్పాను. డైరెక్టరు బయట ఫోన్లో ఉన్నాడు, సాయంత్రానికి పంపెయ్యాలి, రెండోసారి వినే తీరిక ఎవరికీ లేదు. ఎపిసోడ్ అలాగే వెళ్లిపోయింది.

ఇంకోటి. మీ యజమానికి ఫోన్ చేశాను. మ్యాపుబాబు గొంతు నాదేనండీ, తప్పు అమ్మాయిది కాదు అని మర్యాదగా మొదలుపెట్టాను. మామూలుగా మాట్లాడితే నమ్మలేదు. ఆ గొంతులో చెప్పమన్నాడు. ఇకమీదట ఆ గొంతు చెప్పను అన్నాను. నువ్వు కూడా అసలైనవాడివి కావు అని ఫోన్ పెట్టేశాడు.

నీ
బాబాయ్


ఏప్రిల్ 29

బాబాయ్‌కి,

నువ్వు ఫోన్ చేశావని కత్తిరింపు అక్క చెప్పింది. ఆయన మొహం మాడిపోయిందట. థాంక్స్. ఇంకోసారి చెయ్యకు.

ఇంట్లో కూర్చుని దుప్పట్లన్నీ అయిపోయాక నేనే కళ్ల ఆసుపత్రికి వెళ్లాను. సొంత టేపు కొనుక్కుని వెళ్లాను. మళ్లీ కొలుస్తాను, కింద ఇంకో నల్లబట్ట కలిపి అతుకు కనబడకుండా కుడతాను అని అక్కడి పెద్ద డాక్టరమ్మకి చెప్పాను. ఆ మాట వారమంతా అద్దం ముందు సాధన చేశాను, అయినా ఆవిడ చెప్పుల వైపు చూసే చెప్పాను. ముందు ఎవరు కొలిచారని అడిగింది. నేనే అన్నాను. దేనితో అంది. కళ్లతో అన్నాను.

"రోజూ కళ్లు చూసేదాన్ని, నేనే వాటిని అంతగా నమ్మను," అంది.

నవ్వలేదు ఆవిడ, నిజంగానే చెప్పింది. గదులన్నీ టేపు పెట్టి కొలిచాను, ప్రతిదీ రెండుసార్లు. తర్వాత ఆవిడే మా యజమానితో మాట్లాడింది. ఏం చెప్పిందో తెలియదు కానీ మర్నాడు నన్ను రమ్మని కబురొచ్చింది.

వెళ్లగానే నేను అడగాల్సింది అడిగేశాను. నేను కుట్టుపనే చేస్తాను, నా మిషను వెనక కిటికీ దగ్గర వెయ్యాలి, చూడ్డానికి వచ్చినవాళ్లకి నన్ను చూపించకూడదు. ఇంత స్పష్టంగా మాట్లాడుతున్నావంటే నీకు నయమైనట్టుంది అన్నాడు. ఆయన సంతోషం ఆయనది, కాదనలేదు. మిషను కిటికీ దగ్గరికి జరిపించాడు.

ఆ సీరియల్ ఇక చూడనని ఒట్టు పెట్టుకున్నాను. నువ్వు చెప్పిన ఎపిసోడ్ వరకు మాత్రం ఒట్టు తీసి గట్టు మీద పెడతాను.

నీ
వసపిట్ట


మే 10

వసపిట్టకి,

నువ్వు పనిలో చేరావని మీ పిన్నితో పాటు వీధి మొత్తానికీ చెప్పబోయి, ఎందుకు చెబుతున్నానో ఆలోచించి ఆగిపోయాను. మెల్లగా నేర్చుకుంటున్నాను.

నా సంగతి వేరేలా అయింది. ఆ ఎపిసోడ్ వచ్చిన మర్నాడే మ్యాపుబాబుని చంపేశారని గోల మొదలైంది. అసలు గొంతు మాకు తిరిగివ్వాలని స్టూడియో ముందు బోర్డులు పట్టుకున్నారు. ఇలా మామూలు మనిషిలా మాట్లాడించడం ఆటిజం ఉన్నవాళ్లని అవమానించడమేనని అధ్యక్షురాలు మైకులో చెప్పింది. మా అన్నయ్య కూతురికి నచ్చుతుందండీ అన్నాను. మీ అమ్మాయి నకిలీ అని తేలిపోయింది కదా అంది.

నన్ను తీసేశారు. ఇప్పుడు నా పాత మాటలన్నీ కంప్యూటర్‌కి పోసి దాంతోనే చెప్పిస్తున్నారు. అభిమానులకి ప్రాణం లేచొచ్చింది, ఎంత సహజంగా ఉందో అంటున్నారు. నేనొక కొత్త భవనంలో లిఫ్టుకి గొంతు ఇస్తున్నాను. తలుపులు మూసుకుంటున్నాయి అని చెబితే అక్కడి ఇంజనీరు ఇంకొంచెం ఆప్యాయంగా చెప్పండి అన్నాడు. లిఫ్టుకి కావాల్సొచ్చింది ఆప్యాయత.

ఇంకో మాట, దాచకూడదు. నేను సభలో మాట్లాడిన వీడియో ఎవరో మీ నాన్నకి పంపారు. అన్నయ్య నాకు ఫోన్ చేసి, నా కూతురి గురించి ఏమిటిదంతా అని అడిగాడు. చెప్పడం నా పని కాదు, అది చెబితే విను అన్నాను. అప్పట్నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదట.

నీ
బాబాయ్


మే 20

బాబాయ్‌కి,

ఎపిసోడ్ చూశాను. ఆ సన్నివేశం దగ్గర శబ్దం పెంచి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

నువ్వు ఏడవలేదు. గబగబా చెప్పావు, సగంలో ఊపిరి అందక ఆగావు, మళ్లీ అందుకున్నావు. ఇన్నాళ్లూ అతను ఏదో ఫ్యాక్టరీలో తయారై తిన్నగా ఓడలోకి దిగినట్టుండేవాడు. ఆ ఒక్కరోజు మాత్రం ఒక ఇంట్లో పెరిగినవాడిలా ఉన్నాడు. అన్నానికి రమ్మని ఎవరో పిలిచి, వినిపించుకోకపోతే మళ్లీ పిలిచి, మంచం కింద ఉన్నాడని తెలిసి కంచం అక్కడికే జరిపిన ఇంట్లో. ఉద్యోగం పోయినందుకు బాధగానే ఉంది. కానీ అది చెప్పకుండా ఉండాల్సింది అని మాత్రం నాతో అనిపించకు.

నాన్న సంగతి చెప్పడం మంచిదైంది. ఆదివారం ఇంటికి వెళ్తున్నాను. ఆయన చాలా అడుగుతాడు, కొన్ని తప్పుగా అడుగుతాడు. అమ్మ వంటింట్లోంచి వింటుంది. నాకు మధ్యలో మాట ఆగిపోతుంది, అప్పుడు ఎవరో ఒకరు అందుకుని నా బదులు చెప్పేస్తారని భయం.

నువ్వు కూడా రా. నా పక్క కుర్చీలో కూర్చో. నేను ఆగిపోయినా నువ్వు మాట్లాడకు, ఎంతసేపైనా సరే. నేను చెప్పుకుంటాను.

నీ
వసపిట్ట